శాస్త్రాల మూలసూత్రాలు – మానవీయ జీవనం: నేరస్థ జాతుల చట్టం ఆధారంగా ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

తర్కం, గణాంకశాస్త్రం, మానవశాస్త్రం, న్యాయశాస్త్రం, సాహిత్యాధ్యయనం – వీటి విషయాలు వేరు, పరిభాషలు వేరు. అయినా ప్రతి శాస్త్రంలోనూ అధ్యేత తొందరపాటును అదుపుచేసే కొన్ని మూలసూత్రాలు ఉన్నాయి. ఈ సూత్రాలను సాధారణంగా పరిశోధనా పద్ధతికి చెందిన నియమాలుగా మాత్రమే బోధిస్తారు. అవి మనిషి మరో మనిషితో ఎలా మెలగాలో చెప్పే నియమాలు కూడా అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. బ్రిటిష్ పాలనలో 1871లో వచ్చి, 1911లో మద్రాసు రాజధానికి విస్తరించి, తెలుగు నేలపై ఎరుకల వంటి సమాజాల జీవితాలను శాసించిన నేరస్థ జాతుల చట్టాన్ని ఇందుకు నిదర్శనంగా తీసుకుని, ఆ చట్టం ఒక్కొక్క శాస్త్రసూత్రాన్ని ఎక్కడ ఉల్లంఘించిందో విశ్లేషిస్తుంది.

కీలక పదాలు: మూలసూత్రాలు, ప్రమాణం, ఉపాధి, సహజన్యాయం, నేరస్థ జాతుల చట్టం, విముక్త జాతులు, ఎరుకల సమాజం, పరిశోధనా నైతికత.

1. ఉపోద్ఘాతం

విశ్వవిద్యాలయ విద్యలో శాస్త్రాలను విభాగాలుగా చదువుతారు. తర్కం చదివిన విద్యార్థికి గణాంకశాస్త్రంతో పని పడదు. సాహిత్య విద్యార్థి న్యాయశాస్త్ర గ్రంథాన్ని తెరిచే సందర్భం అరుదు. నైతిక విలువల బోధన వీటన్నిటికీ వెలుపల, వేరొక పాఠ్యాంశంగా ఉంటుంది. ఈ అమరిక వల్ల శాస్త్రం బుద్ధికి సంబంధించినదనీ, మానవీయత హృదయానికి సంబంధించినదనీ, ఈ రెండింటినీ కలపడానికి బయటినుంచి ప్రత్యేక ప్రయత్నం అవసరమనీ ఒక అభిప్రాయం స్థిరపడింది.

ఈ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించడానికి సామాన్య చర్చ కంటే ఒక నిర్దిష్ట చారిత్రక సందర్భం ఎక్కువగా ఉపకరిస్తుంది. ఆ సందర్భంలో అనేక శాస్త్రాలు ఏకకాలంలో పాల్గొని ఉండాలి. దాని ఫలితం మనుషుల జీవితాలపై స్పష్టంగా కనిపించాలి. నేరస్థ జాతుల చట్టానికి ఈ రెండు లక్షణాలూ ఉన్నాయి. దాని వెనుక ఒక అనుమానప్రక్రియ ఉంది, లెక్కలు ఉన్నాయి, జాతుల వర్ణనలు ఉన్నాయి, న్యాయవ్యవస్థ ఉంది. వీటన్నిటి భారాన్నీ మోసింది కొన్ని లక్షల కుటుంబాలు.

2. చట్టం – చారిత్రక నేపథ్యం

1871లో చేసిన ఈ చట్టం మొదట ఉత్తర భారత ప్రాంతాలకు వర్తించింది. ఏదైనా తెగ, ముఠా, లేదా వర్గం పద్ధతిగా నేరాలకు అలవాటుపడిందని ప్రభుత్వం నమ్మితే దానిని 'నేరస్థ జాతి'గా ప్రకటించవచ్చు. ప్రకటన వెలువడిన తరువాత ఆ సమాజానికి చెందినవారి పేర్లు పోలీసు దస్తావేజుల్లో నమోదవుతాయి. వారు నిర్ణీత సమయాల్లో హాజరు చెప్పుకోవాలి. అనుమతి పత్రం లేకుండా ఊరు విడిచి వెళ్ళకూడదు. 1897 నాటి సవరణ పిల్లలను తల్లిదండ్రులనుంచి వేరుచేసి సంస్కరణ నివాసాల్లో ఉంచే అధికారాన్ని కూడా ఇచ్చింది. 1911లో చట్టాన్ని తిరగరాసి మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. 1924లో మరొకసారి క్రోడీకరించారు.

తెలుగు ప్రాంతంలో ఈ చట్టం ప్రధానంగా ఎరుకల సమాజంపై ప్రయోగింపబడింది. వారిని స్థిరపరచడానికి ఏర్పాటు చేసిన నివాసాల్లో బాపట్ల సమీపంలోని స్టువర్టుపురం ప్రసిద్ధమైనది. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ దానిని నిర్వహించింది. మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతాధికారిగా ఉన్న హెరాల్డ్ స్టువర్టు పేరే ఆ గ్రామానికి వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఈ చట్టాన్ని సమీక్షించడానికి మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన ఒక విచారణ సంఘం 1949లో ఏర్పడింది. 1952 ఆగస్టు 31న దేశవ్యాప్తంగా చట్టం రద్దయింది. ఆనాటినుంచి ఈ సమాజాలను 'విముక్త జాతులు' అంటున్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ఎరుకలవారు నేడు షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నారు.

3. తర్కశాస్త్రం: హేతువు, వ్యాప్తి, ఉపాధి

చట్టాన్ని సమర్థించినవారి వాదన ఒక అనుమానవాక్యంగా ఉంటుంది. భారతదేశంలో వృత్తులు వంశపారంపర్యంగా వస్తాయి. నేతగాని కొడుకు నేతగాడు, వడ్రంగి కొడుకు వడ్రంగి. కాబట్టి నేరం వృత్తిగా ఉన్న కులాలు కూడా ఉంటాయి. వాటిలో పుట్టినవాడు నేరస్థుడే అవుతాడు. ఈ వాదనను భారతీయ న్యాయశాస్త్రం ఇచ్చిన సాధనాలతోనే పరీక్షించవచ్చు.

అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం తర్కవిద్యార్థులకు నేటికీ ప్రాథమిక గ్రంథం. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందన్నది అందులో అందరికీ తెలిసిన ఉదాహరణ. పొగకూ నిప్పుకూ ఉన్న ఈ నియత సాహచర్యాన్ని 'వ్యాప్తి' అంటారు. ఇదే వాక్యాన్ని తిరగేస్తే దోషం పుడుతుంది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనుపముద్దలో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. నిప్పుతో పాటు పచ్చికట్టె ఉంటేనే పొగ వస్తుంది. బయటికి కనబడకుండా ఫలితాన్ని నిర్ణయిస్తున్న ఇటువంటి నిబంధనను శాస్త్రం 'ఉపాధి' అంటుంది. ఉపాధి దాగి ఉన్న హేతువు సద్ధేతువు కాజాలదు.

ఎరుకల సమాజ విషయంలో ఆ దాగి ఉన్న నిబంధన ఏమిటన్న ప్రశ్నకు చరిత్ర సమాధానం ఇస్తుంది. వీరిలో కొన్ని శాఖలు ఎడ్లపైనా గాడిదలపైనా ఉప్పును తీరప్రాంతంనుంచి లోపలి గ్రామాలకు చేరవేసి, అక్కడినుంచి ధాన్యాన్ని తెచ్చేవి. ఉప్పు, దబ్బ, కరివేపాకు, ఈతపుల్లల అనే శాఖానామాలు వారి వృత్తులనే సూచిస్తాయి. ఉప్పు ఎరుకలవారు ఉప్పు మోసేవారు. దబ్బ ఎరుకలవారు వెదురుబద్దలతో బుట్టలు అల్లేవారు. పంతొమ్మిదో శతాబ్ది ద్వితీయార్ధంలో రైలుమార్గాలు వచ్చాయి. ఉప్పుపై ప్రభుత్వ నియంత్రణ బిగుసుకుంది. అడవి చట్టాలు వెదురునూ పచ్చికబయళ్ళనూ అందనివిగా చేశాయి. 1876-78 నాటి కరువు మద్రాసు రాజధానిని కుదిపివేసింది. ఈ నాలుగూ కలిసి సంచార వ్యాపారాన్ని దెబ్బతీశాయి. ఈ పరిణామాన్ని మీనా రాధాకృష్ణ వంటి చరిత్రకారులు విపులంగా అధ్యయనం చేశారు.

ఇక్కడ తెలుగు భాషలోని ఒక విశేషం గమనింపదగినది. శాస్త్రపరిభాషలో 'ఉపాధి' అంటే దాగి ఉన్న నిబంధన. నేటి లోకవ్యవహారంలో 'ఉపాధి' అంటే జీవనాధారం. ఈ సందర్భంలో శాస్త్రార్థమూ లోకార్థమూ ఒకే చోట కలిశాయి. పాలకుల అనుమానవాక్యంలో దాగిన ఉపాధి, ఆ సమాజం కోల్పోయిన ఉపాధే. ఎరుకలవారు తమ శాఖలకు పనినిబట్టి పేరు పెట్టుకున్నారు. చట్టం వారికి పుట్టుకనుబట్టి పేరు పెట్టింది. తర్కశాస్త్రం అడగమనే ఒక్క ప్రశ్నను, అంటే 'ఈ సాహచర్యం వెనుక మరొక నిబంధన ఉన్నదా?' అన్న ప్రశ్నను అడిగి ఉంటే ప్రభుత్వ దృష్టి రక్తంమీదనుంచి బతుకుతెరువు మీదికి మరలి ఉండేది.

4. గణాంకశాస్త్రం: పోలిక లేని లెక్క

ఒక సమూహంలో నేరాలు ఎక్కువని చెప్పడానికి సంఖ్యలు కావాలి. సంఖ్య ప్రమాణం కావాలంటే రెండు షరతులు తప్పవు. లెక్కించే పద్ధతి ఫలితాన్ని ముందే నిర్ణయించకూడదు. లెక్కించిన సమూహాన్ని పోల్చదగిన మరొక సమూహంతో పోల్చి చూడాలి.

నేరస్థ జాతుల చట్టం మొదటి షరతును పూర్తిగా తలక్రిందులు చేసింది. ప్రకటిత సమాజానికి చెందిన వ్యక్తి హాజరు చెప్పకపోయినా, అనుమతి లేకుండా పొరుగూరి సంతకు వెళ్ళినా అదే శిక్షార్హమైన నేరం. ఇతరులకు నిత్యవ్యవహారమైన ప్రయాణం వీరికి నేరమయింది. ఆ శిక్షలు దస్తావేజుల్లోకి ఎక్కితే, ఆ సమాజంలో శిక్షపడినవారి సంఖ్య పెరుగుతుంది. పెరిగిన సంఖ్యను చూపి ఆ సమాజం నేరప్రవృత్తి గలదని తిరిగి చెప్పవచ్చు. ఊహను నిరూపించవలసిన లెక్కను ఆ ఊహే తయారు చేస్తున్నదన్నమాట. దీనికి తోడు, ఎక్కడ నిఘా ఎక్కువో అక్కడ పట్టుబడేవారు కూడా ఎక్కువగా ఉంటారు.

రెండవ షరతు విలువ ఆ కాలపు ఐరోపాలోనే స్పష్టమయింది. ఇటలీకి చెందిన చెజారె లాంబ్రోసో 1876లో ప్రచురించిన గ్రంథంలో పుట్టుకతో నేరస్థులైనవారిని శరీరలక్షణాలనుబట్టి గుర్తించవచ్చునని వాదించాడు. ఇంగ్లండులో జైలువైద్యుడైన చార్లెస్ గోరింగ్ సుమారు 3,000 మంది ఖైదీలను కొలిచి, నేరచరిత్ర లేని సమూహాలతో పోల్చి చూశాడు. ప్రత్యేకమైన శారీరక నేరస్థ రూపమంటూ లేదని 1913లో ప్రకటించాడు. కొలత ఇద్దరూ చేశారు. పోలిక రెండవవాడు పాటించాడు. మద్రాసు రాజధానిలో చట్టం అమలులోకి వచ్చింది సరిగ్గా ఈ కాలంలోనే.

5. మానవశాస్త్రం: ఎవరి మాట ప్రమాణం?

దక్షిణ భారత సమాజాలపై పరిశోధన చేసేవారికి ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సహాయంతో రూపొందించి 1909లో 7 సంపుటాలుగా వెలువరించిన కులాలు–తెగల గ్రంథం సుపరిచితం. మద్రాసు ప్రదర్శనశాల అధ్యక్షుడైన థర్‌స్టన్ మనుషుల తల, ముక్కు, ఎత్తు కొలిచే శరీరమాన విద్యలో ఆసక్తి గలవాడు. ఆ విద్యను పోలీసులకు నేర్పినవాడు కూడా. అతని గ్రంథంలోని అపారమైన సమాచారం విలువను కాదనలేం. అయితే కొరవ, ఎరుకల సమాజాల గురించిన భాగంలో పోలీసు అధికారుల రచనలు ముఖ్య ఆధారాలుగా ఉన్నాయి. ఎఫ్.ఎస్. ముల్లలీ 1892లో మద్రాసు రాజధాని నేరస్థ వర్గాలపై వెలువరించిన పుస్తకం వాటిలో ఒకటి.

న్యాయదర్శనం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు ప్రమాణాలను అంగీకరించింది. శబ్దం ప్రమాణం కావాలంటే ఆ మాట ఆప్తునిది కావాలి. ఆప్తుడంటే విషయాన్ని ఉన్నదున్నట్లు ఎరిగి, ఉన్నదున్నట్లు చెప్పేవాడు. పోలీసు అధికారికి ఎరుకలవారితో పరిచయం ఉంది. కాని ఆ పరిచయం నేరవిచారణలోనే కలిగింది. బుట్ట అల్లే చేతినీ, సంతలో బేరాన్నీ, పెళ్ళిపందిరినీ, పురుటి ఇంటినీ చూసే అవకాశం ఆ ఉద్యోగధర్మంలో లేదు. అతడు అబద్ధం చెప్పకపోయినా అతనికి కనిపించినది ఒక అంచు మాత్రమే. ఆ అంచును సమాజపు సమగ్ర వర్ణనగా స్వీకరించినప్పుడు శబ్దప్రమాణ నియమం భంగమవుతుంది.

పైగా ఈ రచనలు ఒకదానినొకటి ఆధారం చేసుకున్నాయి. పోలీసు నివేదిక జాతివర్ణన గ్రంథానికి ఆధారమవుతుంది. ఆ గ్రంథం పాలనకు ఆధారమవుతుంది. పాలన మరొక నివేదికకు దారితీస్తుంది. మూడుచోట్ల కనిపించిన విషయం మూడు సాక్ష్యాలుగా తోస్తుంది. మూలం వెతికితే సాక్ష్యం ఒకటే. తాళపత్ర ప్రతులను పరిష్కరించేవారికి ఈ సూత్రం చిరపరిచితం. ఒకే మాతృకనుంచి పుట్టిన పది ప్రతులు ఒక పాఠానికి పది సాక్ష్యాలు కావు.

6. న్యాయశాస్త్రం: ఎదుటిపక్షం వినడం

సహజన్యాయానికి రెండు మూలసూత్రాలు చెబుతారు. తన వ్యవహారంలో తానే న్యాయనిర్ణేత కాకూడదన్నది మొదటిది. ఎదుటిపక్షం వినకుండా తీర్పు చెప్పకూడదన్నది రెండవది. 1969లో క్రైపాక్ కేసులో భారత సర్వోన్నత న్యాయస్థానం మొదటి సూత్రాన్ని పరిపాలనా నిర్ణయాలకూ వర్తింపజేసింది. ఉద్యోగాల ఎంపికకు తానే అభ్యర్థిగా ఉన్న అధికారి ఎంపిక సంఘంలో కూర్చోవడాన్ని తప్పుపట్టింది. 1978లో మేనకాగాంధీ కేసులో, వ్యక్తి స్వేచ్ఛను పరిమితం చేసే విధానం న్యాయబద్ధంగా, సహేతుకంగా ఉండాలని చెప్పి రెండవ సూత్రానికి రాజ్యాంగబలం చేకూర్చింది.

1871 చట్టంలో ఈ రెండు సూత్రాలకూ చోటు లేదు. అనుమానించేది ప్రభుత్వం, ప్రకటించేది ప్రభుత్వం, అమలుచేసేది ప్రభుత్వం. ప్రకటనను న్యాయస్థానంలో ప్రశ్నించే వీలును చట్టమే తొలగించింది. ఒక వ్యక్తి తాను నేరం చేయలేదని నిరూపించుకున్నా ప్రయోజనం లేదు. అతనిపై ఆరోపించింది పనిని కాదు, పుట్టుకను.

ఈ సూత్రం న్యాయస్థానాలకు మాత్రమే పరిమితమైనది కాదు. భారతీయ శాస్త్రగ్రంథాల నిర్మాణంలోనే పూర్వపక్షానికి స్థానముంది. ఎదుటివాని వాదాన్ని అతనికంటే బలంగా చెప్పి, తరువాతనే సిద్ధాంతానికి రావడం సంప్రదాయం. సత్యనిర్ణయం కోసం జరిగే చర్చను 'వాదం' అనీ, గెలుపు కోసం జరిగేదానిని 'జల్పం' అనీ, స్వపక్షం లేకుండా పరపక్ష ఖండన మాత్రమే చేసేదానిని 'వితండ' అనీ న్యాయశాస్త్రం విభజించింది. పూర్వపక్షం వినని చట్టం వాదం స్థాయికి చేరదు.

రద్దయిన చట్టం ఆలోచనలనుంచి అంత త్వరగా తొలగలేదు. జైలు నియమావళుల్లో కులాన్నిబట్టి పనులు కేటాయించే నిబంధనలను 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సర్వోన్నత న్యాయస్థానం రాజ్యాంగవిరుద్ధమని ప్రకటించింది. విముక్త జాతులవారిని పుట్టుకతో నేరాలకు అలవాటుపడినవారిగా చూసే దృష్టిని ఆ తీర్పు తప్పుపట్టింది. చట్టం రద్దుకూ ఈ తీర్పుకూ మధ్య 72 సంవత్సరాలు గడిచాయి.

7. సాహిత్యం: ఎరుక చెప్పే స్త్రీ

తెలుగులో 'ఎరుక' అంటే జ్ఞానం. ఎరుకల అనే పేరును ఎరుక చెప్పడంతో ముడిపెట్టే వ్యుత్పత్తి ప్రసిద్ధం. యక్షగానాల్లో, కొరవంజి ప్రదర్శనల్లో బుట్ట, బెత్తం పట్టుకుని వచ్చే ఎరుకసాని ప్రధానపాత్ర. ఎవరికీ చెప్పుకోలేని నాయిక మనసులోని మాటను ఆమె గ్రహించి చెబుతుంది. శ్రీనివాస కల్యాణగాథలో సాక్షాత్తు శ్రీనివాసుడే ఎరుకసాని వేషంలో ఆకాశరాజు ఇంటికి వెళతాడు. రాజగృహంలోకి ఆదరంగా పిలిపించుకుని, సత్యం చెబుతుందని నమ్మిన స్త్రీగా ఆమెను ఈ రచనలు చిత్రించాయి.

రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టినప్పుడు చట్టం చేసిన పని స్పష్టమవుతుంది. కావ్యంలో ఊరూరా తిరగడం ఆమె జ్ఞానానికి మూలం. చట్టంలో ఊరూరా తిరగడమే ఆమె నేరం. అయితే సాహిత్యాన్ని ఇక్కడ పూర్తిగా నిర్దోషిగా నిలబెట్టడం సరికాదు. యక్షగానంలోని ఎరుకసాని కూడా ఇతరులు తీర్చిదిద్దిన పాత్రే. ఆమె నాయిక బాధను చెబుతుంది గాని, తన బాధను చెప్పే ఘట్టం లేదు. సాహిత్యపు మూలసూత్రం ఇతరుని అనుభవాన్ని లోపలినుంచి గ్రహించడం. ఆ సూత్రం నెరవేరాలంటే ఆ అనుభవం గలవారి స్వరం వినిపించాలి. మరాఠీలో లక్ష్మణ్ గైక్వాడ్ తన సమాజ జీవితాన్ని 'ఉచల్యా' అనే ఆత్మకథగా రచించాడు. ఆ గ్రంథానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. పోలీసు నివేదిక చూడని ఇంటిలోపలి ఆకలిని ఆ రచన చూపగలిగింది.

తెలుగు జనరంజక మాధ్యమం దీనికి భిన్నమైన మార్గంలో నడిచింది. 1991లో స్టువర్టుపురం పేరు శీర్షికలో ఉన్న చలనచిత్రాలు రెండు వచ్చాయి. వాటిలో ఒక శీర్షిక ఊరిపేరు పక్కనే 'దొంగలు' అనే మాటను చేర్చింది. ఒక ఊరి పేరు ఒక నేరానికి పర్యాయపదంగా వాడుకలోకి వచ్చినప్పుడు, ఆ ఊరి చిరునామాతో ఉద్యోగానికి దరఖాస్తు చేసే యువకుడు 1911 నాటి ప్రకటనను మళ్ళీ మోయవలసి వస్తుంది.

8. ఉమ్మడి సూత్రాలు – నిత్యజీవితం

పై విశ్లేషణనుంచి ఐదు సూత్రాలు తేలుతున్నాయి.

మొదటిది, సాహచర్యాన్ని కారణంగా భావించేముందు దాగిన నిబంధనను వెతకాలి. రెండవది, లెక్కించే పద్ధతినీ పోలికనూ పరీక్షించకుండా సంఖ్యను నమ్మకూడదు. మూడవది, మాట ఎక్కడినుంచి వచ్చిందో, చెప్పినవారికి ఎంతవరకు కనిపించిందో తెలుసుకోవాలి. నాలుగవది, ఎదుటిపక్షం వినకుండా నిర్ణయానికి రాకూడదు. ఐదవది, ఇతరుని అనుభవాన్ని అతని స్వరంలో వినాలి.

వీటిలో ప్రతిదీ ఒక శాస్త్రంలో పద్ధతి. ప్రతిదీ ఇంటిలోనూ వీధిలోనూ ఆచరణీయమైన ధర్మం. ఇంట్లో నగ కనిపించకపోతే మొదటి అనుమానం పనిమనిషి మీదికి పోతుంది. ఆ క్షణంలో మొదటి సూత్రం అవసరమవుతుంది. ఒక వసతిగృహ విద్యార్థులు తరగతికి ఆలస్యంగా వస్తారని అధ్యాపకుడు గమనిస్తే, అక్కడ భోజనం ఏ వేళకు వడ్డిస్తారో కనుక్కోవడం కూడా అదే సూత్రాన్ని పాటించడం. చరవాణిలో వచ్చిన వార్త నలుగురు పంపినంత మాత్రాన నాలుగు సాక్ష్యాలు కాదని తెలిపేది మూడవ సూత్రం. భార్యాభర్తల తగవులో ఒకరి మాట విని తీర్పు చెప్పే పెద్దమనిషి నాలుగవ సూత్రాన్ని తప్పుతున్నాడు.

ఇక్కడ ఒక ఆక్షేపణ సహజం. పద్ధతి తప్పని శాస్త్రం కూడా క్రూరంగా ఉండవచ్చు కదా? అమెరికాలోని టస్కీగీలో ప్రభుత్వ ప్రజారోగ్య విభాగం 1932నుంచి 1972వరకు నల్లజాతి పురుషుల్లో సిఫిలిస్ వ్యాధి గమనాన్ని అధ్యయనం చేసింది. 1940లలో పెనిసిలిన్ మందుగా స్థిరపడిన తరువాత కూడా వారికి దానిని అందనివ్వలేదు. వ్యాధిని గురించిన సమాచారం సేకరించారు. వ్యాధిగ్రస్తుని మాత్రం పట్టించుకోలేదు. పరిశీలనా పద్ధతి ఒక్కటే మానవీయతకు హామీ కాదని ఈ ఉదంతం అంగీకరింపజేస్తుంది. ఇందులో లోపించింది పైన చెప్పిన నాలుగవ, ఐదవ సూత్రాలు. ఆ మనుషులకు నిజం చెప్పలేదు, వారి సమ్మతి అడగలేదు.

దీనికి ఎదురుగా మరొక సత్యం ఉంది. దయ ఒక్కటి కూడా చాలదు. స్టువర్టుపురం వంటి నివాసాలను నడిపినవారిలో సేవాభావం లేదనలేం. చదువు, వ్యవసాయం, వైద్యం అందించాలన్న సంకల్పం వారికి ఉంది. అయితే ఆ సేవ 'వీరు పుట్టుకతో నేరస్థులు, వీరిని సంస్కరించాలి' అన్న పరీక్షింపబడని వాక్యంపై నిలబడింది. హాజరుపట్టీ, అనుమతి పత్రం ఆ దయతో పాటే నడిచాయి. మహాకవి గుర్రం జాషువ కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం 1970లలో అదే గ్రామంలో పనిచేశారు. నేరచరిత్ర ఉన్న వ్యక్తులతో కూర్చుని మాట్లాడి, వారికి వేరొక జీవనాధారం ఏర్పడేందుకు కృషిచేశారు. ముందు వినడం, తరువాత జీవనాధారం చూడటం అన్న ఈ క్రమం పైన చెప్పిన నాలుగవ, మొదటి సూత్రాలకు ఆచరణరూపం. ప్రమాణం లేని దయ గుడ్డిదవుతుంది, దయ లేని ప్రమాణం కఠినమవుతుంది. మూలసూత్రాలను సమగ్రంగా పాటించినచోట ఈ రెండూ విడిపోవు.

9. పరిశోధనకు అన్వయం

ఈ చర్చకు తెలుగు పరిశోధనతో ప్రత్యక్ష సంబంధం ఉంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో జారీచేసిన గ్రంథచౌర్య నిరోధక నిబంధనలు సారూప్యతను శాతాల్లో నిర్దేశించాయి. 10 శాతంవరకు ఉన్న సారూప్యతకు దండన లేదు. 10–40, 40–60, 60కి మించి అనే అంచెల్లో చర్యలు తీవ్రమవుతాయి. పరిశోధనా నైతికత పై పాఠ్యాంశం కూడా పరిశోధక విద్యార్థులకు ఏర్పడింది. ఈ ఏర్పాట్లు అవసరమైనవే.

అయితే సారూప్యతను కొలిచే సాఫ్ట్‌వేర్ కొలవలేనివి కొన్ని ఉన్నాయి. ఒక సమాజపు ఆచారవ్యవహారాలపై అధ్యాయం రాసే పరిశోధకుడు థర్‌స్టన్ అభిప్రాయాలను సొంత మాటల్లో చెప్పి, పుటసంఖ్యతో సహా ఆధారం చూపితే ఆ పరీక్షలో సులభంగా నెగ్గుతాడు. 1892 నాటి పోలీసు దృష్టి మాత్రం ఆ అధ్యాయంలో యథాతథంగా కొనసాగుతుంది. గ్రంథచౌర్యం లేదు, అన్యాయం ఉంది. అలాగే జానపద గేయాలను సేకరించిన సిద్ధాంతవ్యాసంలో పాడినవారిని 'ఒక వృద్ధురాలు' అని మాత్రమే పేర్కొనడం ఏ శాతానికీ అందని లోపం. తన పేరు ఉండాలా వద్దా అన్నది ఆమెనే అడిగి నిర్ణయించాలి.

అందువల్ల సమాజసంబంధమైన పరిశోధనలో పర్యవేక్షకులు అడగదగిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఈ సమాచారం మొదట ఎవరు, ఏ హోదాలో సేకరించారు? వర్ణితులైనవారు ఈ వర్ణనను చదివితే లేదా వింటే ఏమంటారు? వారిలో ఎవరి మాటైనా ఈ అధ్యాయంలో ఉన్నదా? 'అలవాటు', 'స్వభావం' అని రాసినచోట జీవనాధారానికి సంబంధించిన కారణాన్ని వెతికారా? ఎరుకలవారి 'కుర్రు' భాష వంటి భాషల పదాలను సేకరించినప్పుడు వాటి అర్థాలను ఆ భాష మాట్లాడేవారితో సరిచూశారా? ఈ ప్రశ్నలకు సమాధానం సిద్ధాంతవ్యాసంలోనే ఉంటే, పరిశోధనా నైతికత పాఠ్యాంశం పరీక్షతో ముగిసిపోదు.

10. ముగింపు

నేరస్థ జాతుల చట్టాన్ని అమానుషమని నిందించడం నేడు సులభం. అది అశాస్త్రీయం కూడా అని చూపడం ఎక్కువ ఉపయోగకరం. తర్కంలో హేత్వాభాస, గణాంకాల్లో వర్తులదోషం, మానవశాస్త్రంలో ఏకపక్ష సాక్ష్యం, న్యాయంలో విచారణలేమి, సాహిత్యంలో స్వరలోపం – ఇవి ఐదు శాస్త్రాల్లో ఐదు దోషాలుగా కనిపించినా, వాటన్నిటి మూలం ఒకటే. చెప్పడానికి ఆధారం ఎంత ఉందో చూసుకోకుండా ఒక సమాజం గురించి తుదిమాట చెప్పడమే ఆ మూలం.

ఈ దోషాన్ని గుర్తించే సాధనాలు 1871లోనూ అందుబాటులో ఉన్నాయి. ఉపాధిని వివరించే తర్కగ్రంథాలు పాఠశాలల్లో నడుస్తున్నాయి. ఎదుటిపక్షం వినాలన్న సూత్రం ఇంగ్లండు న్యాయస్థానాలకు అనాదిగా తెలుసు. సాధనాలు ఉన్నా ఒక ఎరుకల కుటుంబం పక్షాన వాటిని ఉపయోగించాలని పాలకులకు తోచలేదు. నేటి అధ్యాపకుడు తర్కమో గణాంకమో సాహిత్యమో బోధించేటప్పుడు, ఆ సూత్రం వర్తించవలసిన మనిషిని కూడా పాఠంలోకి తీసుకురాగలిగితే విలువల బోధనకు వేరొక తరగతి కోసం ఎదురుచూడనవసరం లేదు.